ఇంటి సర్వరు: తాళంచెవి ఎవరి చేతిలో?

ఒకప్పుడు ఇంటి ముఖ్యమైన కాగితాలన్నీ ఒక ట్రంకు పెట్టెలో ఉండేవి. నికాహ్‌నామా, స్థలం దస్తావేజులు, పిల్లల మార్కుల జాబితాలు, గల్ఫ్‌లో ఉన్నవారి పాస్‌పోర్టు నకళ్లు, నాలుగైదు పాత ఫోటోలు. పెట్టె ఎక్కడున్నదీ ఇంట్లో అందరికీ తెలుసు. తాళంచెవి మాత్రం దాదీ దగ్గరో అమ్మీ దగ్గరో ఉండేది. ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో, ఏది ఎవరికి చూపకూడదో వారు ఎరుగుదురు.

నేడు ఆ పెట్టెలోని సామాను అందరి ఫోన్లలోకి చెదిరిపోయింది. పెళ్లి వీడియో అన్నయ్య దగ్గర, ఆస్తి కాగితాల స్కాన్లు అబ్బా దగ్గర, పసిపిల్లల ఫోటోలు ఖాలా దగ్గర. ఫోను పడి పగిలినా, దొంగతనానికి గురైనా వాటితోపాటు ఇంటి జ్ఞాపకాలూ పోతాయి. ఆ భయంతో వాటిని దూరాన ఉన్న కంపెనీల కంప్యూటర్లలో దాస్తున్నాం. అక్కడ ఉచితంగా దొరికే చోటు తక్కువ. గూగుల్ ఖాతాకు లభించే 15 జీబీని మెయిలు, డ్రైవు, ఫోటోలు మూడూ పంచుకోవాలి. కొంత తగ్గిన నాణ్యతతో ఫోటోలను పరిమితి లేకుండా ఉచితంగా దాచుకునే సదుపాయం 2021 జూన్ 1తో ముగిసింది. ఆనాటి నుంచి చేరిన ప్రతి చిత్రం ఆ 15 జీబీలోనే లెక్కకు వస్తోంది. నిండిన తరువాత అద్దె కట్టాలి, లేదా కొన్నింటిని తుడిచివేయాలి.

ఈ పరిస్థితిలో చదువుకునే పిల్లలున్న ఇళ్లలో ఒక ప్రతిపాదన వినిపిస్తోంది: "మన ఇంట్లోనే ఒక సర్వరు పెట్టుకుందాం. ఫోటోలు, ఫైళ్లు అందులో ఉంచుదాం. తమ్ముళ్లు ఆడుకునే ఆటను కూడా దానిలోనే నడుపుదాం." ఇది మంచి ప్రతిపాదనే. ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. అయితే దీనికి సమ్మతించే ముందు పెద్దలు ఒక ప్రశ్న వేయవలసి ఉంది. పెట్టె మన ఇంటికే తిరిగి వస్తోంది, సంతోషం. మరి దాని తాళంచెవి ఎవరి చేతిలో ఉండబోతోంది? ఈ నెల మా శీర్షికలో సర్వరును నెలకొల్పే విధానాన్ని వివరిస్తూ, ఆ ప్రశ్నకు కూడా సమాధానం వెదుకుతున్నాం.

సర్వరు అంటే ఏమిటి?

సర్వరు అనగానే ఏసీ గదుల్లో వరుసగా నిలిచిన యంత్రాలు మనసులో మెదులుతాయి. ఇంటికి అంత ఆర్భాటం అక్కరలేదు. ఆ మాటకు వడ్డించేవాడని అర్థం. దస్తర్‌ఖాన్ దగ్గర నిలబడి, ఎవరు ఏది అడిగితే అది అందించే మనిషి చేసే పనినే ఇక్కడ ఒక కంప్యూటరు చేస్తుంది. దానికి మూడు లక్షణాలు ఉంటే చాలు. అది ఎప్పుడూ మెలకువగా ఉండాలి. ఇంటి వైఫై రౌటరుకు అనుసంధానమై ఉండాలి. అడిగినవారు ఎవరో గుర్తించి, వారికి తగినదే ఇవ్వాలి. మొదటి రెండింటినీ చాలామంది అమర్చుకుంటారు. మూడవదాని దగ్గరే అశ్రద్ధ చేస్తారు.

ఏ యంత్రం కావాలి?

కొత్త యంత్రం కొననవసరం లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు తగిన హంగులు లేక మూలన పడిన లాప్‌టాప్‌లు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న అటువంటి లాప్‌టాప్ ఫైళ్లు పంచడానికి చాలు. ఆట కూడా నడపదలిస్తే 8 జీబీ ఉండడం మేలు. లాప్‌టాప్‌లో మరొక సౌకర్యం ఉంది. కరెంటు పోయినప్పుడు దాని బ్యాటరీయే కాసేపు ఇన్వర్టరులా ఆదుకుంటుంది. ఫైలు రాస్తున్న నడుమ కరెంటు పోవడం డిస్కుకు హాని కాబట్టి మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. అయితే బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని తీయించివేయాలి. ఉబ్బిన బ్యాటరీని రాత్రింబగళ్లు చార్జింగులో ఉంచడం ప్రమాదకరం.

కరెంటు లెక్క కూడా చూద్దాం. తెర ఆపి ఖాళీగా ఉన్న లాప్‌టాప్ 15 వాట్లు వాడుతుందనుకుంటే రోజుకు 0.36 యూనిట్లు, నెలకు సుమారు 11 యూనిట్లు అవుతాయి. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తీసుకుంటే అదే లెక్క నెలకు 43 యూనిట్లకు చేరుతుంది. ఉచితంగా దొరికిందని పెద్ద పెట్టెను పెట్టుకుంటే బిల్లులో అద్దె కట్టినట్లే. బ్రిటన్‌లో 2012లో వెలువడిన రాస్ప్‌బెరీ పై అనే అరచేతి పరిమాణపు కంప్యూటరు ఇంకా తక్కువ కరెంటుతో నడుస్తుంది. కానీ దానికి అడాప్టరు, డబ్బా, డిస్కు అన్నీ విడిగా కొనుక్కోవాలి.

యంత్రాన్ని రౌటరు దగ్గర, గాలి ఆడే చోట ఉంచాలి. పరదా వెనుక, పరుపు మీద, బీరువా లోపల ఉంచరాదు. పసిపిల్లల చేతికి అందని ఎత్తు ఉంటే మరీ మంచిది.

స్థాపన క్రమం

ఈ యంత్రంపై లినక్సు కుటుంబానికి చెందిన డెబియన్ వంటి వ్యవస్థను నిలపవచ్చు. 1993లో ఆరంభమైన డెబియన్‌ను నేటికీ ప్రపంచమంతటి స్వచ్ఛంద కార్యకర్తలు తీర్చిదిద్దుతున్నారు. దానికి రుసుము లేదు. స్థాపనకు ముందు ఆ లాప్‌టాప్‌లో మిగిలిన పాత ఫైళ్లన్నీ మరోచోటికి తీసి ఉంచుకోవాలి. స్థాపనలో డిస్కు తుడిచిపెట్టుకుపోతుంది. తరువాత మూత మూసినా యంత్రం నిద్రపోకుండా అమరిక మార్చాలి.

రౌటరు సాధారణంగా ప్రతి పరికరానికీ 192.168తో మొదలయ్యే ఒక అంతర్గత చిరునామా ఇస్తుంది. అది మారుతూ ఉండవచ్చు. సర్వరుకు మాత్రం ఎప్పుడూ ఒకే చిరునామా ఇవ్వమని రౌటరు అమరికల్లో చెప్పి ఉంచాలి. చిరునామా మారిపోతే "నిన్నటి దాకా పని చేసింది, ఈరోజు కనబడటం లేదు" అనే ఫిర్యాదు మొదలవుతుంది.

ఫైళ్లు పంచే పనికి సాంబా అనే సాఫ్ట్‌వేరు ఉంది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల ఆరంభంలో దీనికి పునాది వేశారు. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే భాషను లినక్సు యంత్రానికి నేర్పడం దాని పని. అందువల్ల ఇంట్లోని విండోస్ కంప్యూటరుకు మన సర్వరు మరో డ్రైవులాగే కనిపిస్తుంది. ఐఫోనులో 2019 నుంచి ఫైల్స్ యాప్‌లోనే సర్వరుకు అనుసంధానమయ్యే సదుపాయం ఉంది. ఆండ్రాయిడ్‌లో ఈ పని చేసే ఫైలు మేనేజర్లు ఉచితంగా దొరుకుతాయి. పెళ్లి వీడియోను ఫోనులోకి దించుకోకుండానే వీఎల్‌సీ ద్వారా నేరుగా చూడవచ్చు. ఫోనులో తీసిన ఫోటోలు వాటంతట అవే ఇంటి సర్వరుకు చేరాలనుకుంటే ఇమిచ్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. కానీ మొదటే అన్నీ తలకెత్తుకోవద్దని మా సలహా. ముందు సాంబా నిలకడగా నడవనివ్వండి.

అరలు వేరు, తాళాలు వేరు

సాంబాలో మొదటి రోజే చేయవలసిన ముఖ్యమైన పని ఫోల్డర్ల విభజన. మేము మూడు రకాలు సూచిస్తాం.

మొదటిది అందరి ఫోల్డరు. పండుగ ఫోటోలు, పిల్లల పాఠాలు, వంటకాల రాతప్రతులు ఇందులో ఉంటాయి. ఇంట్లో ఎవరైనా తెరవవచ్చు, చేర్చవచ్చు.

రెండవది కాగితాల ఫోల్డరు. దస్తావేజులు, సర్టిఫికెట్లు, వైద్య నివేదికలు, బీమా పత్రాలు ఇక్కడ ఉండాలి. దీన్ని తెరిచే అధికారం ఇంటి బాధ్యత మోసే ఇద్దరికే ఇవ్వాలి. మిగిలినవారికి అవసరమైనప్పుడు నకలు తీసి ఇస్తే సరిపోతుంది.

మూడవది ఎవరి ఫోల్డరు వారిది. కోడలి ఫోటోలు కోడలివే. ఇంటర్ చదివే అమ్మాయి డైరీ ఆ అమ్మాయిదే. ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడి పేరు, విడి పాస్‌వర్డు ఉండాలి. "మనమంతా ఒకే ఇల్లు కదా, ఒకే పాస్‌వర్డు చాలదా?" అని కొందరు అంటారు. ఒకే ఇంట్లో ఉన్నా తలుపు తట్టి, అనుమతి అడిగి లోపలికి వెళ్లే మర్యాద మనకుంది. ఆ మర్యాద గదికి ఉన్నప్పుడు ఫోల్డరుకు మాత్రం ఎందుకు ఉండరాదు? పైగా ఒకే పాస్‌వర్డు అయితే, ఒక ఫైలు పోయిన నాడు ఎవరి చేతిలో పోయిందో తేలదు. నింద ఇంట్లో అందరికన్నా చిన్నవాడి మీద పడుతుంది.

తీగ వేగం

సర్వరు పెట్టిన తరువాత ఎక్కువగా వినబడే మాట "చాలా నెమ్మదిగా ఉంది" అని. తప్పు చాలాసార్లు తీగది అయి ఉంటుంది. ఇంటర్నెట్ వేగాన్ని చెప్పే 100 ఎంబీపీఎస్ అనే కొలతలోని బిట్లను ఎనిమిదితో భాగిస్తే మనకు తెలిసిన ఎంబీలు వస్తాయి. అంటే సెకనుకు 12.5 ఎంబీ. 50 జీబీ పెళ్లి వీడియోను ఆ వేగంతో సర్వరులోకి ఎక్కించడానికి గంటకు పైగా పడుతుంది. రౌటరు, కంప్యూటరు, తీగ మూడూ గిగాబిట్‌కు తగినవైతే అదే పని పది నిమిషాల లోపు ముగుస్తుంది. తీగ లోపల ఎనిమిది సన్నని తీగలు ఉంటాయి. వాటిలో నాలుగే సరిగా అతికినా కనెక్షను పని చేస్తుంది, కానీ 100 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి తీగ మార్చి చూడకుండా యంత్రాన్ని నిందించరాదు.

అదే వీడియోను బయటి కంపెనీ నిల్వకు పంపాలనుకుంటే, అప్‌లోడు వేగం 20 ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లో సుమారు అయిదున్నర గంటలు కావాలి. ఇంటి సర్వరు సౌకర్యం ఇక్కడే స్పష్టంగా తెలుస్తుంది. ఇంటి లోపలి ప్రయాణానికి ఇంటర్నెట్‌తో పని లేదు. కనెక్షను తెగిపోయిన రోజున కూడా ఫోటోలు తెరుచుకుంటాయి.

ఆట: ఎవరితో ఆడుతున్నారు?

ఇక పిల్లలు ఎదురుచూసే భాగానికి వద్దాం. వారు ఎక్కువగా కోరేది మైన్‌క్రాఫ్ట్. స్వీడన్‌లో పుట్టి, 2011లో పూర్తి రూపంలో విడుదలైన ఆట ఇది. 2014లో మైక్రోసాఫ్ట్ దీన్ని 250 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. పెట్టెల వంటి దిమ్మెలతో ఇళ్లు, వంతెనలు, ఊళ్లు కట్టడం ఇందులోని ప్రధానమైన పని. దీని సర్వరు సాఫ్ట్‌వేరును తయారీదారులే ఉచితంగా ఇస్తారు. ఆటను మాత్రం ఆడేవారు కొనుక్కోవాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ ఆటకు రెండు రూపాలున్నాయి. కంప్యూటరుపై నడిచే జావా రూపం ఒకటి, ఫోన్లలోనూ నడిచే బెడ్‌రాక్ రూపం మరొకటి. రెండూ మామూలుగా ఒకదానితో ఒకటి కలవవు. మీ పిల్లలూ, వారి చాచా పిల్లలూ ఏ రూపం ఆడుతున్నారో కనుక్కున్న తరువాతే సర్వరు నిలపాలి. రాస్ప్‌బెరీ పై మీద జావా రూపపు సర్వరును నడపవచ్చు కానీ, బెడ్‌రాక్ అధికారిక సర్వరు దానిపై నడవదు.

డబ్బు పెట్టదలచుకోని ఇళ్లకు లువాంటి ఉంది. 2024 వరకు మైన్‌టెస్ట్ అనే పేరుతో ఉన్న ఈ సాఫ్ట్‌వేరు పూర్తిగా ఉచితం. ఇటువంటి దిమ్మెల ఆటలే ఆడవచ్చు, ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా నడుస్తుంది, పాత లాప్‌టాప్‌ను కూడా అంతగా శ్రమపెట్టదు.

ఇంట్లో సర్వరు ఉంటే ఆట విషయంలో తల్లిదండ్రులకు కలిగే అసలు ప్రయోజనం వేగం కన్నా పెద్దది. బహిరంగ సర్వర్లలో మన పిల్లవాడి పక్కన ఆడుతున్నది ఎవరో మనకు తెలియదు. పేరు పిల్లవాడిది కావచ్చు, మనిషి పెద్దవాడు కావచ్చు. అక్కడ సంభాషణ పెట్టె తెరిచే ఉంటుంది. ఇంటి సర్వరులో ఆహ్వానితుల జాబితా మన చేతిలో ఉంటుంది. మైన్‌క్రాఫ్ట్ సర్వరు అమరికల్లో దీన్ని వైట్‌లిస్టు అంటారు. అది మొదట అమలులో ఉండదు, మనమే అమలు చేయాలి. అప్పుడు ఆ జాబితాలో పేరున్నవారికే ద్వారం తెరుచుకుంటుంది. ఖాతా నిజమైనదేనా అని మైక్రోసాఫ్ట్ వద్ద సరిచూసే అమరికను ఎట్టి పరిస్థితిలోనూ తీసివేయరాదు. దాన్ని తీసివేస్తే ఎవరైనా మీ అబ్బాయి పేరే పెట్టుకుని లోపలికి రాగలరు, జాబితాకు అర్థం ఉండదు. లువాంటిలో ఖాళీ పాస్‌వర్డును నిరాకరించే అమరిక ఉంది. దాన్ని తప్పక అమలు చేయాలి.

ఆట వేళలు కూడా సర్వరే పాటించగలదు. రాత్రి తొమ్మిదికి ఆట ఆగి, మరునాడు సాయంత్రం మొదలయ్యేలా డెబియన్‌కు ఒకసారి చెప్పి ఉంచితే రోజూ దాన్నే పాటిస్తుంది. "ఇంకో అయిదు నిమిషాలు" అనే వాదనకు యంత్రం లొంగదు. అయితే ఆ వేళను పిల్లలతో కలిసి కూర్చొని నిర్ణయించాలి. చెప్పకుండా ఆపివేస్తే సగం కట్టిన కోట పోయిందన్న బాధతో పాటు, పెద్దలపై నమ్మకం కూడా సడలుతుంది.

వీధి వాకిలి తెరవవద్దు

ఇంతవరకు చెప్పినదంతా ఇంటి నాలుగు గోడల మధ్య వ్యవహారం. కరీంనగర్‌లోనో కడపలోనో ఉన్న ఇంటి సర్వరును రియాద్‌లో ఉన్న అబ్బా చూడాలంటే ఎలా? వెతికితే దొరికే సులభమైన జవాబు రౌటరులో పోర్టు తెరవమంటుంది. అంటే వీధి నుంచి నేరుగా సర్వరు గదిలోకి ఒక తలుపు పెట్టడం. ఫైళ్లు పంచే సాంబాకు ఈ పని ఎన్నడూ చేయరాదు.

ఎందుకో చెప్పే ఉదంతం మన రాష్ట్రాల వరకు వచ్చింది. 2017 మే 12న వన్నాక్రై అనే దుష్ట సాఫ్ట్‌వేరు ప్రపంచంపై విరుచుకుపడింది. సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, విడుదలకు డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పనులు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది చొరబడిన దారి, విండోస్ ఫైళ్లు పంచే పాత పద్ధతిలోని లోపం. ఆ లోపాన్ని సరిచేసే నవీకరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, అదే ఏడాది మార్చిలో విడుదల చేసింది. దాన్ని వేసుకోని యంత్రాలే చిక్కుకున్నాయి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే మరొకటి ఇళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ ఫైళ్లు దాచుకునే క్యూనాప్ పెట్టెలపై పడింది. అది వెదికి పట్టుకున్నవి ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచిన పెట్టెలనే. దూరాన ఉండి కూడా ఇంటి ఫైళ్లు చూసుకోవాలనే సదుద్దేశంతోనే చాలామంది అలా తెరిచి ఉంటారు.

ఈ రెండు ఉదంతాలూ చెప్పే పాఠాలు రెండు. వీధి వాకిలి తెరవవద్దు. నవీకరణలను వాయిదా వేయవద్దు. డెబియన్‌లో భద్రతా నవీకరణలు వాటంతట అవే స్థాపితమయ్యే ఏర్పాటు ఉంది, దాన్ని మొదటి రోజే అమలు చేయాలి.

మరి దూరాన ఉన్నవారి సంగతి? దీనికి వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ సరైన దారి. ముందుగా తాళంచెవులు మార్చుకున్న పరికరాల మధ్య మాత్రమే ఇది ఒక మూసిన సొరంగాన్ని ఏర్పరుస్తుంది. తాళంచెవి లేనివాడు తట్టినా అది బదులు కూడా పలకదు. 2020 నుంచి ఇది లినక్సు మూలంలోనే భాగమైంది. మన దేశంలో అనేక కనెక్షన్లు ఒకే బయటి చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచి ఇస్తాయి. అటువంటి ఇంటికి బయటి నుంచి నేరుగా చేరడం కుదరదు, పోర్టు తెరిచినా ఫలితం ఉండదు. అప్పుడు టెయిల్‌స్కేల్ వంటి సేవ రెండు వైపులవారినీ కలిపే మధ్యవర్తిగా ఉపకరిస్తుంది. అది కూడా వైర్‌గార్డ్‌పైనే ఆధారపడి నడుస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న కుటుంబ సభ్యుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వీపీఎన్ వాడకంపై ఒక్కో దేశానిది ఒక్కో చట్టం. ఉదాహరణకు యూఏఈలో నేరం చేయడానికో, దాన్ని దాచడానికో నెట్‌వర్క్ చిరునామాను మరుగుపరచడం 2021 నాటి సైబరు చట్టం ప్రకారం తీవ్రమైన శిక్షకు దారి తీస్తుంది. మనవారి ఉద్దేశం ఇంటి ఫోటోలు చూసుకోవడమే అయినా, పరాయి నేలపై ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని అనుమానానికి గురిచేసే పని చేయరాదు. స్థానిక నియమాలను తెలుసుకున్న తరువాతే ముందుకు వెళ్లాలి. సందేహం ఉంటే వారానికి ఒకసారి ఎంపిక చేసిన ఫోటోలను మామూలు పద్ధతిలో పంపడమే క్షేమం.

దూరం ఆటపై కూడా ప్రభావం చూపుతుంది. హైదరాబాదు, రియాద్‌ల మధ్య నేరు దూరమే 3,000 కిలోమీటర్లకు పైన. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి పోయి రావడానికి ఎంత లేదన్నా 30 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్రపు తీగలు తిరిగి వచ్చే దారి వల్ల నిజంగా పట్టేది అంతకన్నా ఎక్కువ. పరుగు పందేలకు ఇది ఇబ్బంది. దిమ్మెలు పేర్చే ఆటకు అంతగా తెలియదు. తండ్రి అక్కడ, కొడుకు ఇక్కడ ఉండి సెలవు రోజున కలిసి ఒక ఇల్లు కట్టుకోవడానికి ఏ ఆటంకమూ లేదు.

రెండవ ప్రతి

సర్వరు పెట్టిన ఉత్సాహంలో ఫోన్లలోని ఫోటోలన్నీ తుడిచివేసే ఇళ్లు ఉంటాయి. ఇది ప్రమాదం. ఒకే చోట ఉన్నది దాచినట్లు కాదు. డిస్కు ఒక వినియోగ వస్తువు, ఏదో ఒక నాడు ఆగిపోతుంది. రెండు డిస్కులను జంటగా కలిపి నడిపే రెయిడ్ అనే పద్ధతి ఉంది. ఒకటి చెడినా రెండవది పని చేస్తుంది. కానీ ఎవరైనా పొరపాటున ఒక ఫైలును తుడిచివేస్తే అది రెండింటిలోనూ అదే క్షణంలో పోతుంది. కాబట్టి రెయిడ్‌ను రెండవ ప్రతిగా లెక్కించరాదు.

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సులభమైన సూత్రం ఒకటి ఉంది: మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే చోట. మన ఇళ్లకు దాన్ని ఇలా అన్వయించవచ్చు. సర్వరులో ఒక ప్రతి. యూఎస్‌బీ ద్వారా కలిపే విడి హార్డ్ డిస్కులో రెండవ ప్రతి. ఈ డిస్కును నకలు తీసుకున్న వెంటనే విడదీసి బీరువాలో ఉంచాలి. కలిపే ఉంచితే దుష్ట సాఫ్ట్‌వేరు దాన్ని కూడా పట్టుకుంటుంది. మూడవ ప్రతి నానీ ఇంట్లోనో, వేరే ఊళ్లో ఉన్న అక్క ఇంట్లోనో ఉంచవచ్చు. రెండు మూడు నెలలకు ఒకసారి రాకపోకలప్పుడు మార్చుకుంటే సరిపోతుంది. వరద వచ్చినా, అగ్ని ప్రమాదం జరిగినా మిగిలేది ఆ మూడవ ప్రతే. కాగితాల ఫోల్డరు పరిమాణంలో చిన్నది కనుక దాన్ని తాళం వేసిన రూపంలో ఉచిత నిల్వలో కూడా ఉంచుకోవచ్చు. కంపెనీల సేవలను పూర్తిగా విడిచిపెట్టాలని మేము చెప్పడం లేదు.

నకలు తీశామనుకోవడం వేరు, అది తెరుచుకోవడం వేరు. ఆరు నెలలకు ఒకసారి బీరువాలోని డిస్కును వేరే కంప్యూటరుకు కలిపి, పాత ఫోటో ఒకటి, దస్తావేజు ఒకటి తెరిచి చూడాలి. తెరుచుకుంటేనే ఆ ప్రతి ఉన్నట్లు.

తాళంచెవి ధరించినవాడు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ప్రతి సర్వరుకు ఒక నిర్వాహకుడు ఉంటాడు. మన ఇళ్లలో చాలావరకు అతడు ఇంటర్ లేదా ఇంజినీరింగ్ చదివే అబ్బాయి. అతడే యంత్రాన్ని నిలిపాడు, అతడికే దాని భాష తెలుసు. పెద్దలు గ్రహించవలసిన సంగతి ఏమిటంటే, మనం వేసిన విడి పాస్‌వర్డులేవీ నిర్వాహకుడిని అడ్డుకోవు. వదినగారి ఫోటోలు, అక్క డైరీ, అబ్బా అప్పుల లెక్క, అమ్మీ వైద్య నివేదిక – తలచుకుంటే అన్నీ తెరవగలడు. దూరాన ఉన్న కంపెనీ చేతి నుంచి మన సామాను తప్పించామని సంతోషిస్తున్నాం. ఆ కంపెనీకి మనం ఎవరో తెలియదు. ఇంట్లోని నిర్వాహకుడికి మనం బాగా తెలుసు. కాబట్టి ఇక్కడ గోప్యత మరింత సున్నితమైనది.

దీనికి మూడు ఏర్పాట్లు అవసరం.

మొదటిది మాట. ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు, నిర్వాహకుడి బాధ్యతను పెద్దలు స్పష్టంగా చెప్పి అప్పగించాలి. ఇది అమానత్. పొరుగువాడు దాచమని ఇచ్చిన మూటను విప్పి చూడనివాడు సోదరి ఫోల్డరును కూడా విప్పి చూడడు. పదిహేడేళ్ల కుర్రవాడికి ఇటువంటి నమ్మకాన్ని అందరి ఎదుట అప్పగించడం అతడిని అనుమానించడం కాదు, గౌరవించడం. చాలామంది పిల్లలు ఆ గౌరవానికి తగినట్లు నిలబడతారు.

రెండవది తాళం. నిర్వాహకుడు కూడా చూడరాని వాటిని, సర్వరుకు చేరకముందే తమ ఫోనులోనో కంప్యూటరులోనో రహస్య రూపంలోకి మార్చుకోవాలి. క్రిప్టోమేటర్ వంటి సాఫ్ట్‌వేరు ఈ పని చేస్తుంది. సర్వరుకు చేరేది అర్థంకాని అక్షరాల ముద్ద. తెరిచే పాస్‌వర్డు సొంతదారుకే తెలుస్తుంది. ఆ పాస్‌వర్డు మరచిపోతే ఫైళ్లను ఎవరూ తిరిగి తేలేరు. కాబట్టి ఒక కాగితంపై రాసి, అంటించిన కవరులో భద్రపరచుకోవాలి. డిస్కు మొత్తానికి తాళం వేసే సదుపాయం కూడా డెబియన్ స్థాపన సమయంలోనే లభిస్తుంది. లాప్‌టాప్ దొంగల పాలైనా, మరమ్మతు దుకాణానికి వెళ్లినా ఇంటి ఆడవారి చిత్రాలు పరాయివారి కంట పడకుండా కాపాడేది అదే. యంత్రం ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ పాస్‌వర్డు కొట్టవలసి రావడం దానికి చెల్లించే మూల్యం. పాత డిస్కును అమ్మే ముందు పూర్తిగా తుడిపించాలి. తాళం లేని డిస్కు పూర్తిగా చెడిపోతే, అమ్మకుండా పగులగొట్టడమే మేలు.

మూడవది పుస్తకం. నిర్వాహకుడైన అబ్బాయి రేపు హాస్టలుకు వెళతాడు, ఎల్లుండి ఉద్యోగానికి వెళతాడు. అతడు లేని రోజున యంత్రం ఆగితే ఇల్లంతా నిస్సహాయంగా చూడవలసి రాకూడదు. ఒక నోటుపుస్తకంలో సర్వరు చిరునామా, నిర్వాహక పాస్‌వర్డు, నకలు డిస్కు ఉన్న చోటు, యంత్రాన్ని సరైన పద్ధతిలో ఆపి మళ్లీ మొదలుపెట్టే క్రమం – ఇవన్నీ తెలుగులో, అమ్మీకి కూడా అర్థమయ్యేలా రాసి ఉంచాలి. ఆ పుస్తకం బీరువాలో ఉండాలి. ఇంట్లో కనీసం మరొకరు – అక్క గానీ, అమ్మీ గానీ – ఆ పుస్తకం చూస్తూ ఒకసారి సొంతంగా ఆ పనులు చేసి చూడాలి. అమ్మాయిలకు ఈ విద్య నేర్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం మరొకటి దొరకదు. పనికిరాని పక్షంలో నష్టపోయేది ఒక పాత లాప్‌టాపే. నేర్చుకున్నది మాత్రం కళాశాలలోనూ, ఉద్యోగంలోనూ ఉపయోగపడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక వారంలో అన్నీ చేయాలనుకోవద్దు. మొదటి వారం యంత్రాన్ని నిలిపి అందరి ఫోల్డరు ఒక్కటే నడపండి. రెండవ వారం విడి పేర్లు, విడి పాస్‌వర్డులు ఇచ్చి, బీరువా డిస్కులోకి మొదటి నకలు తీయండి. ఆ నకలు తెరుచుకుంటుందని చూసుకున్న తరువాతే ఇంటి ఫోటోలను సర్వరులోకి తెండి. ఆట మూడవ వారంలో రావచ్చు. బయటి నుంచి చూసుకునే ఏర్పాటు అన్నిటికన్నా చివర. అప్పటికీ దాని అవసరం ఉందా అని మరోసారి ఆలోచించండి.

ఈ పని మొదలుపెట్టేముందు ఒక సాయంత్రం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ఏవి అందరివి, ఏవి ఎవరికి వారివి? నిర్వాహకుడు ఎవరు, అతడు లేనప్పుడు ఎవరు? రెండవ ప్రతి ఎక్కడ ఉంటుంది? ఈ మూడింటికీ జవాబు దొరికిన ఇంట్లో సర్వరు ఎన్నేళ్లయినా సేవ చేస్తుంది. జవాబు దొరకకపోతే ఆ లాప్‌టాప్‌ను మరికొన్నాళ్లు మూలన ఉండనివ్వడమే మంచిది.